‘పొట్నూరు’ అనే మా ఇంటిపేరుకు మూలమేమిటి? డీఎన్‌ఏ పరీక్షతో అది తేలుతుందా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ ఇంటిపేరు పొట్నూరు, మీ తాతగారిది ఆమదాలవలస దగ్గరి పల్లె. శ్రీకృష్ణదేవరాయలు కళింగం మీదికి దండెత్తి వచ్చినప్పుడు ఆయన సైన్యంతో వచ్చి ఇక్కడే స్థిరపడిన వారి సంతతి మీరని ఇంట్లో పెద్దలు చెబుతూ వచ్చారు. ఇటీవల మీ పెదనాన్నగారి అబ్బాయి లాలాజలం నమూనా పంపి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోగా కొన్ని శాతాలు, తండ్రి వైపు వంశశాఖగా ‘హెచ్’ అనే అక్షరం వచ్చాయి. ఆ ఫలితం పెద్దల మాటను రుజువు చేస్తుందా, అసలు ఇంటిపేరుకు అర్థమేమిటి అని అడిగారు.

మీ ఇంటిపేరుకు అర్థం ‘పొట్నూరు నుంచి వచ్చినవారు’ అని. పొట్నూరు విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలో, విజయనగరానికి చేరువలోనే ఉన్న ఊరు. ఇక డీఎన్‌ఏ పరీక్ష విషయానికి వస్తే, అది ఆ ఊరినీ చూపలేదు, రాయలవారి సైన్యాన్నీ చూపలేదు. మీకు కావలసిన సమాధానంలో ఎక్కువ భాగం మీ ఇంట్లోని పాత దస్తావేజుల్లోనూ, మీ నాయనమ్మగారి జ్ఞాపకంలోనూ ఉంది. పరీక్ష ఒక చిన్న ప్రశ్నకు మాత్రం గట్టి సమాధానం ఇవ్వగలదు, దాని సంగతి తరువాత చెబుతాను.

నేను విజయనగరంలో ముప్పై రెండేళ్లుగా దస్తావేజు లేఖరిగా పనిచేస్తున్నాను. భాగపరిష్కార దస్తావేజు రాయాలన్నా, పాత ఆస్తికి వారసులెవరో తేల్చాలన్నా ముందు వంశవృక్షం వేయాలి. అలా రెండు జిల్లాల్లోని అనేక కుటుంబాలకు నాలుగు, అయిదు తరాల వెనక్కి వెళ్లి పేర్లు వెలికితీయవలసి వచ్చింది. గత ఏడెనిమిదేళ్లుగా ఆ కుటుంబాల పిల్లలు డీఎన్‌ఏ నివేదికలు కూడా తెచ్చి చూపుతున్నందున వాటిని శ్రద్ధగా చదవడమూ అలవాటైంది.

ఊరి పేరు ఇంటిపేరు కావడం తెలుగువారిలో అన్నిటికంటే సాధారణమైన పద్ధతి. విజయనగరం రాజవంశానికి పూసపాటి అనే పేరు కృష్ణా జిల్లాలోని పూసపాడు నుంచి వచ్చింది. విజయనగరంలో జీవించిన మహాకవి గురజాడ అప్పారావుగారి ఇంటిపేరు కూడా కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామానిదే. పూసపాడు ‘పూసపాటి’ ఎందుకైందంటే, తెలుగులో ఒక మాట మరొక మాటకు విశేషణంగా చేరేటప్పుడు దాని చివర మారుతుంది. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, పాడు ‘పాటి’ అవుతుంది, ఊరు ‘ఊరి’ అవుతుంది. మీ బంధువుల్లో కొందరు పొట్నూరి అనీ, కొందరు పొట్నూరు అనీ రాసుకుంటున్నారని మీరు చెప్పిన తేడా ఇంతే. అవి రెండు వంశాలు కావు. మొదటిది వ్యాకరణం ప్రకారం పలికిన రూపం, రెండవది బడి రిజిస్టరులోనో గుర్తింపు కార్డులోనో ఊరి పేరును ఉన్నదున్నట్లు రాసిన రూపం. పేరులో మొదటి భాగానికి పొట్టు అనీ పొట్ట అనీ అర్థాలు కల్పించి కథలు చెప్పేవారు మీకు తారసపడతారు. వాటిని నమ్మి కాలం వృథా చేసుకోవద్దని నా మనవి, ఎందుకంటే ఆ అర్థం ఏదైనా అది ఊరికి చెందుతుంది, మీ కుటుంబానికి కాదు.

ఇక్కడ ఒక విషయాన్ని నిదానంగా ఆలోచించాలి. పొట్నూరులో ఉన్నంతకాలం ఎవరినీ పొట్నూరు వారని పిలవరు, అక్కడ అందరూ ఆ ఊరివారే కదా. ఊరు విడిచి మరో ఊరు చేరినప్పుడు, ఆ కొత్త ఊరివారు పిలిచే పిలుపే ఇంటిపేరవుతుంది. కాబట్టి మీ ఇంటిపేరు మీ పూర్వులు పొట్నూరును విడిచిపెట్టిన సంగతికి గుర్తు. ఎప్పుడు విడిచారు, ఎందుకు విడిచారు అన్నది పేరులో ఉండదు. ఒకే ఊరి నుంచి వేరు వేరు కాలాల్లో, వేరు వేరు కులాలవారు వేరు వేరు దిక్కులకు వెళ్లి ఉంటే, వెళ్లిన చోటల్లా వారికి అదే పేరు వస్తుంది. మీ ఇంటిపేరే ఉన్నవారు మరో కులంలో కనిపించారని మీరు ఆశ్చర్యపడ్డారు. ఆ పేరు ఊరిది కాబట్టి అలాగే జరగాలి, అందులో దాచవలసినదీ లేదు, సంజాయిషీ చెప్పుకోవలసినదీ లేదు.

ఈ పని నా కళ్ల ముందు జరగడం కూడా చూశాను. ఉత్తరాంధ్ర నుంచి వేలమంది బర్మాకు కూలికి వెళ్లిన సంగతి, మనవారు రంగూన్‌ను ‘రంగం’ అనేవారన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1942లో జపాను సైన్యం రంగూన్‌ను ఆక్రమించినప్పుడు కాలినడకన తిరిగివచ్చిన వారిలో ఒక కుటుంబం మా ప్రాంతంలోని ఒక పల్లెలో స్థిరపడింది. ఆ ఊరంతా వారిని రంగం వారు అనే పిలిచేది. ఆ తరువాతి కాలంలో వారు కొన్న గరువు భూమి దస్తావేజు నా చేతికి వచ్చినప్పుడు, అందులో అసలు ఇంటిపేరు రాసి, పక్కన ‘ఉరఫ్ రంగం’ అని చేర్చి ఉంది. వారి మనవల్లో ఒకరి బడి రికార్డులో అసలు పేరు పూర్తిగా పోయి ‘రంగం’ ఒక్కటే మిగిలింది. మరో వందేళ్ల తరువాత ఆ పిల్లల సంతతి ఎవరైనా ‘రంగం’ అనే మాటకు రంగస్థలమనో యుద్ధరంగమనో అర్థం చెప్పుకుంటే మనం తప్పుపట్టగలమా? రెండు తరాల్లో ఇంటిపేరు ఇలా మారిపోగలిగితే, అయిదు వందల ఏళ్ల వెనక్కి ఒకే దారం తెగకుండా సాగిందని చెప్పడానికి చాలా పెద్ద ఆధారం కావాలి.

రాయలవారి కథ సంగతి కూడా గౌరవంతోనే పరిశీలిద్దాం, ఎందుకంటే అది గాలి నుంచి పుట్టలేదు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు గెలిచి కళింగం వైపు సాగి పొట్నూరులో జయస్తంభం నాటించాడని ప్రసిద్ధి. ఆయన 1516లో సింహాచలం వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించిన సంగతి అక్కడి శాసనంలోనే ఉంది. అంటే రాజు వచ్చాడు, ఊరు ఉంది, రెండూ నిజమే. అయితే అప్పట్లో కళింగాన్ని ఏలుతున్న ప్రతాపరుద్ర గజపతితో సంధి కుదిరిన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న ప్రాంతాన్ని రాయలు తిరిగి గజపతికే ఇచ్చివేశాడు. సైన్యం ఇక్కడ నిలిచి పాలించిన కాలం చాలా స్వల్పం. ఆ సైనికుల్లో ఒకరు మీ పూర్వుడై ఉండరాదని నేను అనను. కానీ ఇంటిపేరు ఆ మాట చెప్పదు. ఊరిలో పుట్టి పెరిగి, తరువాత ఏ కరువుకో, ఏ భూమి కోసమో, ఏ పెళ్లి సంబంధం మీదనో బయలుదేరిన రైతుకు కూడా అదే పేరు వస్తుంది. గంజాం ప్రాంతాన్ని 1866లో అతలాకుతలం చేసిన కరువు వంటివి ఎన్ని కుటుంబాలను కదిలించాయో తలుచుకుంటే, ఇంటిపేర్ల వెనుక యుద్ధాల కంటే ఆకలే ఎక్కువసార్లు ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఇంటిపేర్లన్నీ ఊళ్ల నుంచే రాలేదన్నది కూడా చెప్పాలి. మన ప్రాంతంలో కనిపించే పట్నాయకుని, బెహరా, పాత్రుని వంటివి ఒడియా రాజుల కాలపు ఉద్యోగాల, బిరుదుల నుంచి వచ్చినవి. రౌతు అంటే గుర్రపు సైనికుడు. ఇటువంటి పేరు ఉన్నంత మాత్రాన ఆ కుటుంబం ఒడిశా నుంచి వచ్చిందని అనుకోకూడదు. ఆ పదవి పొందిన తెలుగువారికీ అదే పేరు వచ్చేది.

ఇప్పుడు డీఎన్‌ఏ. మగవారిలో వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మార్పు లేకుండా అందుతుంది. ఇంటిపేరు కూడా తండ్రి నుంచే వస్తుంది కాబట్టి, ఈ రెండూ ఒకే దారిలో నడుస్తాయని అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. ఇంగ్లండులో సైక్స్ అనే ఇంటిపేరు గల పురుషులను పరీక్షించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి కాస్త తక్కువమందికి ఒకే రకమైన వై క్రోమోజోమ్ కనిపించింది. ఆ పేరులోనే మిగిలిన సగానికి పైగా మంది వేరుగా ఉన్నారన్నది గమనించండి. మన దగ్గర ఊరి పేరే ఇంటిపేరు కావడం, దత్తత, ఇల్లరికం, ఇవన్నీ ఆ రెండు దారులను ఇంకా ఎక్కువగా విడదీస్తాయి.

పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. అన్నదమ్ముల పిల్లలమని చెప్పుకునే రెండు ఇళ్లవారికి ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయి. భాగాల దగ్గర గొడవ వచ్చి, అసలు వీరు మా వారే కాదని ఒక పక్షం అన్నది. వారి ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దొరికిన ఒక పాత దస్తావేజును నా దగ్గరకు తెచ్చారు. మడతల దగ్గర కాగితం చిరిగి నాలుగు ముక్కలైంది, సిరా గోధుమరంగుకు తిరిగి, గట్టిగా రాసిన చోట్ల కాగితాన్ని తినేసింది. గాజుపలక కింద ముక్కలు పేర్చి చదవగా మూడవ పంక్తిలో ‘ఫలానా వారి ఇల్లటపు అల్లుడు’ అన్న మాట కనిపించింది. పెద్దాయన కొడుకుల్లో ఒకరు అత్తవారింటికి ఇల్లరికం వెళ్లగా, అతని పిల్లలకు మామగారి ఇంటిపేరు స్థిరపడింది. ఆ రెండు ఇళ్ల మగవారి వై క్రోమోజోమ్ ఒకటే, ఇంటిపేర్లు వేరు. అదే సమయంలో ఆ మామగారి ఇంటిపేరు గల ఇతరులతో వారికి పేరు కలుస్తుంది, వై క్రోమోజోమ్ కలవదు. ఒక్క పెళ్లితో రెండు వైపులా లెక్క తారుమారైంది.

మీ అన్నగారికి వచ్చిన ‘హెచ్’ శాఖ దక్షిణాసియాలో విస్తారంగా ఉన్నది. అనేక కులాల్లో, గిరిజన సమూహాల్లో అది కనిపిస్తుంది. దాని పుట్టుక ఇంటిపేర్లు, రాజ్యాలు పుట్టడానికి వేల ఏళ్ల ముందటిది. దానిని సైనికుల గుర్తుగానో, ఫలానా వంశపు ముద్రగానో చెప్పేవారి మాట నమ్మకండి. నివేదికలోని శాతాలు మరొక రకమైనవి. ఆ సంస్థ దగ్గర ఉన్న నమూనాలతో మీ అన్నగారి డీఎన్‌ఏ ఎంత పోలి ఉందో చెప్పే అంచనాలు అవి. సంస్థ మారితే, నమూనాలు పెరిగితే శాతాలు కూడా మారతాయి.

ఇంకో లెక్క చూడండి. 1516 నుంచి ఇప్పటికి తరానికి ముప్పై ఏళ్ల చొప్పున పదిహేడు తరాలు. పదిహేడవ తరంలో మీకు 1,31,072 పూర్వుల స్థానాలు ఉంటాయి. మేనరికాల వల్ల ఒకే మనిషి అనేక స్థానాల్లో కనిపిస్తాడు కాబట్టి అసలు మనుషుల సంఖ్య అంతకంటే చాలా తక్కువ. అయినా ఇంటిపేరు అనుసరించేది, వై క్రోమోజోమ్ చూపేది అందులో ఒక్క స్థానాన్నే. మిగిలిన స్త్రీపురుషులందరూ కూడా మీ పూర్వులే, వారి ఊళ్లు, పేర్లు మీ ఇంటిపేరులో లేవు.

తండ్రి దారి, తల్లి దారి ఎంత వేరుగా ఉండగలవో మన జిల్లాల కొండల్లోని సవరలను చూస్తే తెలుస్తుంది. వారిది ముండా కుటుంబానికి చెందిన భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో ఎన్నో ఏళ్లు ఆ భాషకే ధారపోశారు. ముండా భాషలవారి మీద జరిగిన జన్యు పరిశోధనల్లో తండ్రి వైపు శాఖలు ఎక్కువగా ఆగ్నేయాసియాతో సంబంధం చూపగా, తల్లి వైపు శాఖలు ఈ దేశానివిగానే తేలాయి. ఒక్క పరీక్ష మాత్రమే చూసినవారు ఎటు చూస్తే అటే మూలమని అనుకుంటారు. పైగా బడి రిజిస్టర్లలో, రేషన్ కార్డుల్లో వారి తెగ పేరైన ‘సవర’నే ఇంటిపేరు గడిలో రాసేశారు. వారిలో దగ్గరి రక్తసంబంధం, పెళ్లి నిషేధం లెక్కించేది ‘బిరింద’ అనే కుటుంబ సమూహాన్ని బట్టి. కాగితం మీది ఇంటిపేరు చూసి వారందరూ ఒకే వంశమని అనుకుంటే ఎంత పొరపాటో చెప్పనక్కరలేదు.

జన్యుశాస్త్రం మన గురించి గట్టిగా చెప్పగలిగింది ఇంటిపేర్ల గురించి కాదు, పెళ్లిళ్ల గురించి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్‌లు హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఆంధ్రలోని వైశ్యుల్లోకి ఇతర సమూహాల నుంచి వేల ఏళ్లుగా చాలా తక్కువ కలయిక జరిగిందని తేలింది. తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన ప్రతి సమూహంలోనూ ఎంతో కొంత ఇదే పరిస్థితి ఉంటుంది. అందువల్ల మీ అన్నగారి నివేదికలో ‘నాలుగో తరం బంధువు’ అని చూపిన అపరిచితులు నిజానికి ఇంకా దూరపు బంధువులై ఉండవచ్చు. అనేక చిన్న చిన్న బంధుత్వాలు కలిసి ఒక దగ్గరి బంధుత్వంలా కనిపిస్తాయి.

పరీక్ష పనికివచ్చే చోటు ఒకటుంది. ఆమదాలవలస దగ్గరి మీ శాఖవారు, మీరు చెప్పిన గజపతినగరం వైపు పొట్నూరు వారు ఒకే పురుషుడి సంతతేనా అన్నది మీ సందేహమైతే, ఇరువైపుల నుంచి ఒక్కొక్క మగవారు వై క్రోమోజోమ్ గుర్తులను వివరంగా లెక్కించే పరీక్ష చేయించుకోవచ్చు. గుర్తులు పూర్తిగా వేరైతే తండ్రి దారిలో దగ్గరి పూర్వుడు లేడని గట్టిగా చెప్పవచ్చు. కలిస్తే ఒక ఉమ్మడి పూర్వుడు ఉన్నాడని, ఎన్ని తరాల క్రితమో సుమారుగా చెప్పవచ్చు. ఆయన ఊరు, పేరు మాత్రం ఆ గుర్తుల్లో ఉండవు. అయితే ఇరువైపుల వారి ఇష్టం అడిగి మాత్రమే ఆ పనికి పూనుకోండి. ఎవరికీ తెలియని దత్తతలు, ఎవరూ చెప్పుకోని సంగతులు ఇటువంటి పరీక్షల్లో బయటపడి బతికున్నవారి మనసులు విరగడం నేను చూశాను. దానికి సిద్ధంగా లేని కుటుంబాన్ని అందులోకి లాగడం తగదు.

ఇప్పుడు కాగితాల దారి. మన ప్రాంతంలో ఎక్కువ భాగం జమీందారీ. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే ఆ గ్రామాల్లో ప్రభుత్వ సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. కాబట్టి ఆ సెటిల్‌మెంటులో తయారైన భూముల లెక్క, అంటే ఫెయిర్ అడంగల్‌లో మీ ముత్తాతగారి పేరు దొరికినా, అంతకు ముందు తరాల కోసం రెవెన్యూ రికార్డు మీద ఆశ పెట్టుకోకండి. అక్కడి నుంచి వెనక్కి రిజిస్టరు దస్తావేజులే శరణ్యం. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పేర్ల సూచిక, ఆస్తుల సూచిక వేరువేరుగా ఉంటాయి. పేర్ల సూచికలో పొట్నూరు, పొట్నూరి, పొట్టునూరు అనే మూడు రూపాలనూ వెతికించండి. శ్రీకాకుళం పరిసరాలు 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేవి, ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలో, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లాలో. పాత దస్తావేజులో ‘గంజాం జిల్లా, చికాకోలు తాలూకా’ అని ఉంటే అది వేరే చోటు అనుకుని పక్కన పెట్టకండి, చికాకోలు అంటే శ్రీకాకుళమే.

పేర్ల దగ్గర మరో జాగ్రత్త. మన వైపు మగవారిలో అప్పన్న, సింహాచలం, సూర్యనారాయణ, కూర్మయ్య, ముఖలింగం అనే పేర్లు ఇంటింటా ఉంటాయి. సింహాద్రి అప్పన్న, అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం దేవుళ్ల పేర్లు అవి. పైగా తాత పేరు మనవడికి పెడతారు. మీ వంశంలో నలుగురు అప్పన్నలు ఉండవచ్చు. తండ్రి పేరు, ఊరి పేరు, సరిహద్దుల్లో రాసిన పొరుగు రైతుల పేర్లు కలిపి చూసుకుంటేనే ఏ అప్పన్న ఎవరో తేలుతుంది.

అన్నిటికంటే ముందు మాత్రం మీ నాయనమ్మగారి దగ్గర కూర్చోండి. ఆమెను ‘మన మూలమేమిటి’ అని అడగకండి, ఆ ప్రశ్నకు మీకు ఇంట్లో ఇప్పటికే తెలిసిన రాయలవారి కథే వస్తుంది. ఏ ఏ ఇంటిపేర్ల వారితో మనకు అన్నదమ్ముల వరస, ఎవరితో పెళ్లి కుదరదు అని అడగండి. ఇంటిపేరు వేరై కూడా అన్నదమ్ముల వరస పాటిస్తున్నారంటే, ఎప్పుడో ఒకే ఇంటి నుంచి విడిపోయారనో, ఇల్లరికమో దత్తతో జరిగిందనో అర్థం. సంబంధాలు చూసిన ఆడవారికి ఈ జాబితా కంఠతా ఉంటుంది, మగవారికి సాధారణంగా ఉండదు. తరువాత సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎవరెవరి పేర్లు తలుస్తారో, ఏ వరసలో తలుస్తారో పక్కన కూర్చుని రాసుకోండి. ఇలవేల్పు ఎవరో, ఆ వేల్పు గుడి ఏ ఊరిలో ఉందో, మొక్కు తీర్చుకోవడానికి ఎవరైనా ఇప్పటికీ పద్మనాభం వైపు వెళతారో అడగండి. వెళతారని ఆమె చెబితే, ఆ ఊరి పేరుతో పాటు మీ ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత దస్తావేజు మొదటి పుటను మడతలు విప్పి వెలుతురులో ఫొటో తీసి నాకు చూపండి. ‘కాపురస్తుడు’ అన్న మాటకు ముందు ఏ గ్రామం ఉందో చదివి చెబుతాను.